చిమ్నీ పక్క మరకా, సీసం రేకూ

మేడ మీది గదిలో, చిమ్నీ పోయే గోడా సీలింగూ కలిసే మూలన, అరచెయ్యంత మరక ఒకటి ఉండేది. మధ్యలో లేత పసుపు, అంచుల్లో ముదురు గోధుమ రంగు, తడి గ్లాసు పెట్టి తీసేసిన గుర్తులాగా. రంగు వేశాను, మూడు నెలల్లో మళ్ళీ తేలింది. రెండోసారి ప్రైమర్ కొట్టి మరీ వేశాను, కాస్త ఆలస్యంగా అయినా వచ్చింది, పైగా ఈసారి రెండు అరచేతులంత. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే మా ఆవిడ "మీ చుట్టం మళ్ళీ వచ్చాడండీ" అనేది.

అసలు ఆచూకీ మొదటి నుంచీ కళ్ళ ముందే ఉంది, మేమే పట్టించుకోలేదు. కుండపోతగా కురిసిన రోజున మరక పెరిగేది కాదు. చిన్న జల్లే అయినా, గాలి ఒకే వైపు నుంచి కొడుతూ వాన ఏటవాలుగా పడిన రోజు మాత్రం తెల్లారేసరికి ఆ మూల చెమ్మగా ఉండేది. పెంకు పగిలి ఉంటే ఏ వానకైనా కారాలి కదా. గాలివానకి మాత్రమే కారుతోందంటే నీళ్ళు పక్కనుంచి దూరుతున్నాయన్నమాట. పక్కన ఉన్నది చిమ్నీ, చిమ్నీ చుట్టూ ఉన్నది సీసం రేకు. ఇంత చిన్న లెక్క తేలడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

స్లాబు ఇళ్ళు మాత్రమే చూసినవాళ్ళకి ఈ రేకు సంగతి కొంచెం చెప్పాలి. పెంకుల కప్పు ఏటవాలుగా ఉంటుంది, చిమ్నీ దాన్ని చీల్చుకుని నిలువుగా పైకి వస్తుంది. ఆ ఏటవాలూ ఈ నిలువూ కలిసేచోట పెంకులు ఎంత దగ్గరగా పేర్చినా సందు ఉంటుంది. దాన్ని సిమెంటుతో పూడ్చేస్తే సరిపోదా అనిపిస్తుంది గానీ, కప్పు చెక్క వాసాల మీద కూర్చుంది, చిమ్నీ తన సొంత పునాది మీద నిలబడింది, రెండూ ఎండకీ చలికీ తడికీ ఎవరి తీరున అవి కదులుతాయి. గట్టిగా అతికిస్తే అతుకు పగులుతుంది. అందుకని ఒక మెత్తటి లోహపు రేకుని పై అంచు గోడలోని గాడిలో దూర్చి, కింది అంచు పెంకుల మీదకి పరిచి వదిలేస్తారు. గోడ మీద జారే నీళ్ళు గాడి దాటి లోపలికి పోకుండా రేకు మీదుగా పెంకుల మీదకి వచ్చేస్తాయి. దీన్నే ఫ్లాషింగ్ అంటారు.

సీసమే ఎందుకంటే, చేత్తో వంచితే వంగుతుంది, పెంకు వంపు ఎలా ఉంటే అలా కూర్చుంటుంది, తుప్పు పట్టదు. గాలి తగిలి పైన బూడిద రంగు పొర కడుతుంది, ఆ పొరే దానికి కవచం. సరిగ్గా వేస్తే అరవై ఏళ్ళు, వందేళ్ళు కూడా ఉంటుంది. రోమన్లు నీటి గొట్టాలకి వాడింది దీన్నే, లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు, మనం రోజూ అనే ప్లంబర్ అక్కడినుంచే వచ్చాడు. మరి ఇన్నేళ్ళుండే లోహం మా ఇంటి మీద మాత్రం ఎందుకు చిరిగింది అనేదే నాకు అర్థం కాలేదు. రేకు నాసిరకం అయి ఉంటుందనుకున్నాను. కాదు. ఆ సంగతికే వస్తున్నా.

మొదట పిలిచిన కుర్రాడు నిచ్చెనేసుకుని ఎక్కి, పది నిమిషాల్లో దిగి, "ఫ్లాషింగ్ అంచు లేచింది, సీలెంట్ పెట్టేశాను, ఇక చుక్క రాదు" అన్నాడు. ఒక్క చలికాలం రాలేదు కూడా. ఆ మాత్రానికే నేను పండగ చేసుకున్నాను. తర్వాత గాలివానకి మళ్ళీ మొదలైంది. రెండోసారి ఇంకొకాయన వచ్చి, పాత సీలెంట్ మీదే నల్లటి అతుకుడు టేపు వేసి, గోడ అంచు పొడుగునా సిమెంటు మాలు దట్టంగా మెత్తి పోయాడు. అదీ మూడు నెలల ముచ్చటే. సిమెంటుకీ సీసానికీ మధ్య వెంట్రుక మందం పగులు పడింది, ఆ పగుల్లోంచి దూరిన నీళ్ళు మునుపు ఎటో ఒకవైపు జారి పోయేవి, ఇప్పుడు సిమెంటు గట్టు అడ్డం ఉండటంతో బయటికి పోయే దారి లేక అన్నీ లోపలికే దిగాయి. అంటే డబ్బులిచ్చి మరీ కారేలా చేయించుకున్నాం.

ఇక లాభం లేదని నేనే అటక ఎక్కాను. టార్చి వేసి చూస్తే ముందు ఏమీ కనపడలేదు. సరిగ్గా మరక పైన చెక్క ఎండుగా ఉంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా, అది దిగిన చోట కాకుండా వాసం వెంబడి జారి జారి ఎక్కడో తేలుతుంది. వాసం మీద వేలు పెట్టి పైకి రాసుకుంటూ పోతే, మరక ఉన్న చోటుకి దాదాపు మీటరు పైన, చిమ్నీ ఇటుకని ఆనుకుని చెక్క నల్లబడి, గోరు గుచ్చితే దిగేంత మెత్తగా ఉంది. ఆ నలుపు మీద సన్నటి తెల్ల చారలు, నీళ్ళు ఆరినప్పుడల్లా ఒక్కో గీత మిగిల్చి పోయినట్టు. ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టుకోవచ్చు.

మర్నాడు హోస్‌పైపు పరీక్ష పెట్టాం. ఇది ఎవరైనా చెయ్యొచ్చు, కానీ ఓపిక కావాలి. మా బావ సురక్షితంగా నిలబడగలిగిన చోటు నుంచి నీళ్ళు పడతాడు, నేను అటకలో టార్చితో కూర్చుంటాను. కింద నుంచి మొదలుపెట్టాలి, అదే దీని కిటుకు. ముందే పైన పడితే నీళ్ళు కిందకి పారి అన్నిచోట్లా తడిపేస్తాయి, ఎక్కడ దూరిందో తేలదు. చిమ్నీ ముందువైపు పదిహేను నిమిషాలు పట్టాం, ఏమీ లేదు. ఎడమ పక్క, ఏమీ లేదు. "బావా, ఇంక దిగనా?" అని అరిచాను, "ఉండరా, కుడి పక్క ఇంకా తడపనే లేదు" అన్నాడు. కుడి పక్క మధ్యలోకి వచ్చిన ఏడెనిమిది నిమిషాలకి ఇటుక మీద ఒక మెరుపు కనిపించింది, అది చుక్కయింది, చుక్క వాసం ఎక్కింది. మూడేళ్ళ చుట్టాన్ని మొదటిసారి ముఖాముఖి చూడటం అదే.

ఈసారి సీసం పనే బతుకుతెరువుగా చేసిన పెద్దాయన ఒకరు దొరికారు. ఆయన పెట్టిన మొదటి షరతు పరంజా. నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో చేసే పని కాదిది, రెండు చేతులూ బరువూ కావాలి, కాబట్టి పరంజా కట్టించకపోతే రానన్నారు. అప్పుడు గొణుక్కున్నాను గానీ ఆ షరతు పెట్టని ఇద్దరి పనీ ఎలా ఏడ్చిందో చూశాం కదా. పరంజా ఉండబట్టి నేనూ పైకెక్కి చూడగలిగాను.

కుడి పక్క రేకు ఒకే ముక్క, దగ్గర దగ్గర 3 మీటర్లు. ఒకే ముక్క కదా, అతుకుల్లేవు కదా, మంచిదే కదా అనుకుంటాం. నడిమికి కాస్త పైన ముడతలా లేచి ఉంది, ఆ ముడత మడత మీద సన్నటి చీలిక, బ్లేడుతో గీసినట్టు. వేలు పెట్టి నొక్కితే నోరు తెరిచింది. "చినిగిపోయిందే" అన్నాను. పెద్దాయన దాన్ని బొటనవేలితో రాస్తూ, "చినగలేదు బాబూ, అలిసిపోయింది" అన్నారు.

ఆయన మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. వేడికి ప్రతి లోహమూ సాగుతుంది, సీసం మరీ సాగుతుంది, ఒక్కో డిగ్రీకి మీటరుకి 0.03 మిల్లీమీటర్ల చొప్పున. ఇనుముతో పోలిస్తే రెండున్నర రెట్లు. వినడానికి ఎంతో కాదు. కానీ కప్పు మీద సీసానికి రాత్రి 5 డిగ్రీలు, మర్నాడు ఎండలో 55 డిగ్రీలు అనుకోండి, 50 డిగ్రీల తేడా. 3 మీటర్ల ముక్క దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగాలి, సాయంత్రానికి మళ్ళీ ముడుచుకోవాలి. సాగడానికి దానికి చోటు లేదు, పైన సిమెంటు పట్టేసింది, మధ్యలో మేకులు కొట్టారు. చోటు లేక ముడత లేచింది, రాత్రి ఆ ముడత తిరిగి చదును కాబోయింది, మర్నాడు మళ్ళీ లేచింది. ఇనుప తీగని ఒకే చోట అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో అలాగే, కాకపోతే రోజుకి ఒక వంపు చొప్పున. దీనికి తోడు సీసం మెత్తన, బరువెక్కువ, కాబట్టి ఏటవాలు మీద వేడికి కిందికి సాగినంత తేలిగ్గా చల్లబడ్డాక పైకి ముడుచుకోదు. ఏళ్ళ తరబడి మెల్లగా జారుతూనే ఉంటుంది.

అందుకే ఈ పనిలో మొదటి సూత్రం, ముక్క పొడవు 1.5 మీటర్లు దాటకూడదు. దానికి మించి కావాలంటే రెండో ముక్క వేసి కనీసం 100 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి, ఆ ఎక్కించినచోట అతికించకూడదు, జారనివ్వాలి. నేను అతుకంటే బలహీనత అనుకున్నాను. సీసానికి అతుకే ఆయువు. ఆ 3 మీటర్ల ముక్కని రెండుగా కోసి వేసి ఉంటే మా అటకలో వాసం కుళ్ళేది కాదు.

మా పాత రేకులో ఇంకా చాలా తప్పులున్నాయి. గోడలో గాడి 25 మిల్లీమీటర్ల లోతు ఉండాల్సింది పది కూడా లేదు, రేకు అంచు అందులో పేరుకి మాత్రమే దూరింది. కింది అంచుకి క్లిప్పులే లేవు, కాబట్టి గాలి కొట్టినప్పుడల్లా లేచేది. గాలివానకే కారడానికి అసలు కారణం ఇదే: గాలి రేకుని లేపి, దాని కిందికి నీళ్ళని ఎగదోసి, చీలిక నోరు తెరిచి, అన్నీ ఒకేసారి. ఇక మొదటి కుర్రాడు పెట్టిన సీలెంట్ పీకితే కింద తెల్లటి పొడి రాలింది. కొన్ని సిలికాన్ సీలెంట్లు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తాయి, ఆ వాసన వేసేది ఎసిటిక్ ఆమ్లం, అది సీసాన్ని తినేస్తుంది. సీసానికి వాడాల్సింది ఆరేటప్పుడు ఆ ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ రకం, ట్యూబు మీద రాసి ఉంటుంది. కారకుండా ఉండటానికి పెట్టిందే తినేస్తోంది, ఏం చెప్పాలి!

మొత్తం మార్చాలా, మరమ్మతు చాలా అని అందరూ అడిగేదే. రేకు బాగుండి, గోడలో గాడి మాలు మాత్రమే రాలిపోతే, మార్చక్కర్లేదు. పాత మాలు గీకేసి, రేకు అంచు మళ్ళీ లోపలికి దూర్చి, చిన్న సీసం ముక్కలు మడిచి బిగించి, సీలెంట్ పెట్టుకుంటే చాలు, అది సగం రోజు పని. చిన్న చీలికైతే సీసంతోనే వెల్డింగ్ చేసి అతుకు వెయ్యొచ్చు, అది చేయి తిరిగినవాళ్ళ పని, పైగా చెక్క వాసాల దగ్గర మంట పెట్టడం నాకైతే నచ్చదు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది గానీ దానికి వాడే మంట వేడి వేరే లెక్క. టేపు మాత్రం వాన ఆగేదాకా తాత్కాలికంగా ఓకే, ఆ తర్వాత దాని మీద ఆశ పెట్టుకోకండి. చీలిక ముడత మీద వచ్చి, ముక్క పొడవు ఎక్కువైతే ఎన్ని అతుకులేసినా పక్కన ఇంకోటి లేస్తుంది. మాది ఆ బాపతు. పెద్దాయన మిగతా మూడు పక్కలూ చూసి, "ఒక్క పక్క మారిస్తే ఏడాదికి మళ్ళీ పరంజా కడతావు" అన్నారు. నాలుగూ మార్చేశాం.

కొత్త రేకు కొనేటప్పుడు మందం చూడాలి. బ్రిటన్ పద్ధతిలో దీన్ని కోడ్ నంబర్లతో చెప్తారు, ఆ నంబరు ఒక చదరపు అడుగుకి ఎన్ని పౌన్ల బరువో ఆ అంకె. కోడ్ 3 అంటే 1.32 మిల్లీమీటర్ల మందం, కోడ్ 4 అంటే 1.80, కోడ్ 5 అంటే 2.24. రోల్ మీద రంగు గుర్తు ఉంటుంది, 3కి ఆకుపచ్చ, 4కి నీలం, 5కి ఎరుపు. చిమ్నీ పక్కలకీ ముందుకీ కోడ్ 4 సరిపోతుంది, నీళ్ళు నిలిచే వెనక వైపుకి 5 వేస్తే నిశ్చింత. బరువు సంగతి ముందే చెప్తున్నా. 300 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవున్న కోడ్ 4 రోల్ చూడ్డానికి చుట్టిన చిన్న చాపలా ఉంటుంది, బరువు దాదాపు 37 కిలోలు. మా బావ ఒంటి చేత్తో లేపబోయి, రోల్ కదలక తనే ముందుకి తూలాడు.

పని నీళ్ళు పారే దారికి ఎదురు వెళ్తుంది, కింద మొదలుపెట్టి పైకి. ముందు చిమ్నీ ముందువైపు ముక్క, దాన్ని ఏప్రన్ అంటారు, తర్వాత రెండు పక్కలు, అన్నిటికన్నా చివర చిమ్నీ వెనకవైపు ముక్క, దాన్ని వెనక గట్టర్ అంటారు. ఎప్పుడూ పై ముక్క కింది ముక్క మీద పడాలి. మాకు వర్షం అలవాటే గనక ఇది చెప్పక్కర్లేదు అనిపిస్తుంది, కానీ మా పాత రేకులో ఒక మూలన పక్క ముక్క ఏప్రన్ కిందికి వెళ్ళి ఉంది, పెద్దాయన చూసి ఏమీ అనలేదు, నిట్టూర్చారంతే.

గాడి పని నాకిచ్చారు. ఇటుకల మధ్య వరసలో పాత మాలు ఉలితో సుత్తితో గీకడం, 25 మిల్లీమీటర్లు లోతు, ఇటుక అంచు విరగకూడదు. గ్రైండర్ పెట్టి ఇటుకని అడ్డంగా కోసేస్తే పది నిమిషాలే, ఇదైతే పూట పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. పక్కల్లో ఈ గాడి మెట్లు మెట్లుగా వస్తుంది, ఎందుకంటే కప్పు ఏటవాలు, ఇటుకల వరస అడ్డం. రేకుని కూడా ఆ మెట్లకి తగ్గట్టే కోసి ఒక్కో మెట్టు అంచు ఒక్కో వరసలో దూరుస్తారు. మా కప్పు మీదివి వంపు లేని చదును పెంకులు కాబట్టి ప్రతి పెంకు కిందా గోడవైపు లేచి ఉండే చిన్న ఎల్ ఆకారపు సీసం ముక్క ఒకటి పెట్టారు, దాన్ని సోకర్ అంటారు, మెట్ల రేకు వాటి మీద టోపీలా దిగుతుంది. అంటే ఒకదాన్ని దాటి నీళ్ళు వచ్చినా రెండోది ఆపుతుంది. పాతదాంట్లో సోకర్లే లేవు. గోడ మీద రేకు కప్పు నుంచి కనీసం 150 మిల్లీమీటర్లు పైకి వెళ్ళాలి, ఎందుకంటే పెంకుల మీద పడిన చినుకు గోడ మీదకి చిందుతుంది, గాలి దాన్ని ఇంకా ఎగదోస్తుంది.

చూస్తూ కూర్చోవాలనిపించేది మాత్రం మూలలు తిప్పడం. రేకు మూలకి వచ్చినప్పుడు కోసి మడిచేస్తే అక్కడ సందు పడుతుంది. ఆయన కొయ్యలేదు. ఇత్తడి పాత్రకి వంపు తెచ్చేవాళ్ళలా కొయ్య సుత్తితో, చెక్క బద్దతో చిన్న చిన్న దెబ్బలు, టప టప అని మొద్దు శబ్దం, ఇనుములా మోగదు సీసం. ఒక చోట ఎక్కువున్న లోహాన్ని దెబ్బ దెబ్బకీ తక్కువున్న చోటుకి నెట్టుకుంటూ పోతారు, మట్టిముద్దని వేళ్ళతో జరిపినట్టు. మధ్య మధ్యలో ఆగి రేకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మందం చూసుకుంటారు. నన్ను కూడా ఒక ముక్క మీద కొట్టి చూడమన్నారు. అయిదు నిమిషాల్లో నా మూల కాగితమంత పలచబడి బెజ్జం పడింది. "లాగావు. లాగకూడదు, తొయ్యాలి" అన్నారు. బెజ్జం పడ్డ ఆ ముక్క ఇప్పుడు నా బల్ల మీద కాగితాల మీద బరువుగా ఉంది.

గాడిలో రేకుని ఎలా పట్టి ఉంచుతారో చూసేదాకా నేను నమ్మలేదు. మేకు లేదు, స్క్రూ లేదు. సీసం పట్టీని రెండు మూడు మడతలు వేసి, దాదాపు 450 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున గాడిలో పెట్టి ఉలితో కొడితే అవి ఒత్తుకుని ఉబ్బి బిగుసుకుంటాయి. మిగతా గాడి పొడవునా సీలెంట్. కింది అంచులకి క్లిప్పులు, రేకు వాటిలో లేవకుండా ఉంటుంది గానీ జారగలదు. మేకు కొట్టక తప్పనిచోట రాగిదో స్టెయిన్‌లెస్‌దో కొట్టారు, మామూలు ఇనుప మేకు తుప్పు పట్టి అక్కడే మొదలెడుతుంది. రోజంతా ఆయన చెప్పిన పాఠం ఒక్కటే, పట్టుకో, కానీ బిగించకు.

సాయంత్రం వాన మబ్బు పట్టింది, ఆయన పరుగున నూనె డబ్బా తీశారు. పాటినేషన్ ఆయిల్ అని, కొత్త సీసానికి అదే రోజు పూయాలి. పూయకపోతే మొదటి వానకే కొత్త సీసం మీద తెల్లటి కార్బనేట్ తేలి, పెంకుల మీదకి సున్నపు నీళ్ళలా కారి చారలు కడుతుంది. రేకు పాడవదు గానీ కింద నుంచి చూస్తే చిమ్నీ ఏడ్చినట్టు ఉంటుంది. కింది అంచు లోపలి వైపు కూడా కాస్త పూయాలి, చాలామంది మరిచిపోయేది అదే. నేను ఒక ముక్క అడుగున మరిచిపోయాను. ఇప్పటికీ అక్కడ వేలెడంత తెల్ల గీత ఉంది, ఆయన పని మీద నా సంతకం.

సీసం విషం, ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. ముట్టుకుంటే ఏమీ కాదు గానీ చేతికి అంటిన పొడి నోట్లోకి పోతే ప్రమాదం, పిల్లలకి మరీ. తొడుగులు వేసుకున్నాం, చేతులు సబ్బుతో కడక్కుండా ఏదీ నోట్లో పెట్టలేదు, ఆ రోజు బట్టలు విడిగా ఉతికాం, పాత రేకు మీది తెల్ల పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచాం. ఆ కప్పు మీది వాననీళ్ళు తాగడానికి పట్టకూడదు. తీసేసిన పాత రేకు పారెయ్యక్కర్లేదు, సీసాన్ని ఎన్నిసార్లైనా కరిగించి మళ్ళీ రేకు చెయ్యొచ్చు, పాతలోహం కొనేవాళ్ళు తూకం వేసి పట్టుకెళ్తారు.

విషం కదా, వేరేది వెయ్యకూడదా అని మా ఆవిడ అడిగింది. జింకు రేకు ఉంది, అల్యూమినియం ఉంది, సీసంలా కనిపించే సింథటిక్ షీట్లు కూడా ఉన్నాయి, తేలికగా ఉంటాయి, దొంగలకీ పనికిరావు (సీసం రేకుల దొంగలున్నారు, నిజంగానే). తిన్నగా ఉండే పొడవాటి గోడకైతే నేనూ వాటినే వేసేవాణ్ణేమో. చిమ్నీ మూలలు చూశాక మాత్రం సీసమే మేలనిపించింది, నా మాట పట్టించుకోవాల్సిన పని లేదు, బెజ్జం పెట్టినవాణ్ణి.

కొత్త రేకు పడ్డాక మొదటి గాలివాన ఒక రాత్రి వచ్చింది. పన్నెండున్నరకి లేచి టార్చి పట్టుకుని అటక ఎక్కాను. పైన పెంకుల మీద వాన మోత, గాలికి ఎక్కడో కిర్రుమంటోంది, నేను ఇటుకల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. కొత్తగా మార్చిన వాసం ముక్క ఇంకా పచ్చి చెక్క వాసన వేస్తోంది. ఇటుక చల్లగా ఉంది, పొడిగా ఉంది. అరగంట అలాగే కూర్చుంటే కింద నుంచి మా ఆవిడ "చుట్టం వచ్చాడా?" అని అడిగింది.

"రాలేదు."

"అయితే దిగండి, పడుకుందాం."

సీలింగు మీద మరకకి ఇంకా రంగు వెయ్యలేదు. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాశాను. ఇంకో రెండు గాలివానలు పోయాక, గీత దాటకపోతే వేస్తాను.